పాత పడవను బాగుచేయించాలా, విడిచిపెట్టాలా?

శంషాబాదు చుట్టుపక్కల ఉన్న మా సంఘములో ఎక్కువమంది పొలము పనులు చేసుకొని బ్రతికేవారు. పడవ అంటే వారికి సువార్తల్లో చదివిన మాట, లేకపోతే హిమాయత్ సాగర్ గట్టు మీద నిలబడి దూరము నుండి చూసిన వస్తువు. అయినా 2025 వేసవిలో మా సంఘమంతా ఒక చెక్క పడవ కోసం ప్రార్థన చేసింది. ఆ పడవ సంగతి మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము. పడవలు లేని ఊళ్ళలో కూడా పాత ఇల్లు, పాత ట్రాక్టరు, పాత మందిరము ఉంటాయి. వాటిని బాగుచేయించాలా, విడిచిపెట్టాలా అనే ప్రశ్న ఏ కుటుంబానికైనా ఒకనాటికి ఎదురవుతుంది.

2008 మార్చిలో శంషాబాదులో విమానాశ్రయము మొదలైన తరువాత మా ప్రాంతానికి దూరదూరాల నుండి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. అలా వచ్చినవారిలో కాకినాడకు పైన ఉప్పాడ తీరము నుండి వచ్చిన ఒక సహోదరుడు ఉన్నాడు. పుట్టుకతో మత్స్యకారుడు. ఇప్పుడు విమానాశ్రయములో ఒక కాంట్రాక్టరు క్రింద సామాను ఎక్కించే పని చేస్తున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు. పదేళ్ళు కష్టపడి నాలుగు లక్షల రూపాయలు కూడబెట్టారు. పెద్దపిల్ల ఇంటర్మీడియట్ పూర్తి చేసి నర్సింగు చదవాలని ఆశపడుతోంది. ఆ డబ్బు దానికోసమే.

మార్చి నెలలో ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ భార్యాభర్తలు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఊళ్ళో తండ్రికి డెబ్బై దాటింది. ఆయన పడవ రెండేళ్ళుగా మూలపడి ఉంది. దానిని బాగుచేయించమని, చేయిస్తే పెద్దకొడుకు కూడా తిరిగి ఊరికి వచ్చి వేట చేసుకోవచ్చని ముసలాయన కబురు మీద కబురు పంపుతున్నాడు. ఊళ్ళోనే ఉన్న తమ్ముడేమో, "అది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడట. ఆ మాట మీద క్రిస్మసు నుండి అన్నదమ్ముల మధ్య మాటలు లేవు.

"అయ్యగారూ, తండ్రిని సన్మానించమని దేవుని ఆజ్ఞ ఉంది కదా. డబ్బు ఇస్తే నా బిడ్డ చదువు ఆగిపోతుంది. ఇవ్వకపోతే ఆజ్ఞ మీరినవాడిని అవుతానా?" అని అడిగాడు ఆ సహోదరుడు. అడుగుతూ ఉండగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

మేము చేసిన పొరపాటు

ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. మేము ఏమీ విచారించకుండానే సలహా ఇచ్చాము. నిర్గమకాండము 20వ అధ్యాయము తెరిచి, తండ్రి మనసు నొప్పించవద్దని, దేవుడు మరొక దారి చూపిస్తాడని చెప్పాము. వాక్యము సత్యమే. కాని మేము ఆ వాక్యాన్ని చూడని పడవకు అంటగట్టాము.

ఆయన భార్య అంతవరకు మాట్లాడలేదు. అప్పుడు మెల్లగా, "అయ్యగారూ, ఆ పడవను ఈ మధ్య ఎవరైనా సరిగ్గా చూశారాండి?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. తండ్రి ప్రేమతో చూశాడు. తమ్ముడు కోపముతో చూశాడు. పెద్దకొడుకు ఫోనులో విన్నాడు. మేము వాక్యము చదివాము. పడవను విప్పి చూసినవారు ఒక్కరూ లేరు.

భార్య మాటకు ఆ సహోదరుడికి తన పనిచోటు గుర్తుకు వచ్చింది. "మా దగ్గర విమానాన్ని వయసు చూసి పక్కన పెట్టరు అయ్యగారూ" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. విమానము వయసును ఏళ్ళతో మాత్రమే కాక, ఎగిరిన గంటలతోను, ఎన్నిసార్లు ఎక్కి దిగింది అనే లెక్కతోను కొలుస్తారు. కొన్నేళ్ళకు ఒకసారి దానిని షెడ్డులో నిలబెట్టి, సీట్లు, లోపలి పలకలు ఊడదీసి, ఎముకల వరకు తెరిచి తుప్పును, పగుళ్ళను వెదుకుతారు. శంషాబాదు విమానాశ్రయము ఆవరణలోనే అలాంటి షెడ్లు ఉన్నాయి. "నాన్న పడవనూ అలా విప్పి చూడాలి" అన్నాడు.

అలా చూడడానికే ఏప్రిల్ నెలాఖరులో ఆ సహోదరుడు, మా సంఘపెద్ద ఒకరు, మేము కలిసి గౌతమి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కి కాకినాడ వెళ్ళాము. తూర్పు తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవల వేట ఆపివేస్తారు. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. మరమ్మతులకు అదే సమయము.

ఆ పడవ వెనుక కథ

ఉప్పాడ చూసినవారికి తెలుసు. అక్కడ సముద్రము ఏటేటా ఒడ్డును కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళు, వీధులు సముద్రములో కలిసిపోయాయి. పడవను లాగి పెట్టుకునే ఇసుక కూడా తరిగిపోయింది. ఆ మిగిలిన ఇసుకలో ఒక ప్రక్కకు ఒరిగి ఉంది పెద్దాయన పడవ. ముప్పై అడుగులు ఉంటుంది. ఆ వైపువారు నావ అంటారు.

పెద్దాయన మమ్మల్ని ఇంటికి కూడా తీసుకొని వెళ్ళలేదు. తిన్నగా పడవ దగ్గరకే నడిపించాడు. దాని ప్రక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడి, ఈ పడవ ఎలా పుట్టిందో చెప్పాడు.

1996 నవంబరు 6 రాత్రి గోదావరి జిల్లాల మీద విరుచుకుపడిన తుపాను మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సముద్రము మీద ఉన్న మత్స్యకారులు వందలమంది తిరిగి రాలేదు. వారిలో ఈయన అన్నగారు ఒకరు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పడవ కూడా పోయింది. మరుసటి ఏడాది అప్పు చేసి, భార్య మెడలోది అమ్మి, తాళ్ళరేవు వడ్రంగుల చేత ఈయన ఈ పడవ కట్టించాడు. దీని మీద సంపాదించే అన్నగారి పిల్లలను కూడా పెంచాడు.

"ఇది కర్ర కాదు అయ్యగారూ, మా అన్న" అన్నాడు.

శంషాబాదులో మేమిచ్చిన సలహా ఎంత తేలికగా ఇచ్చామో అప్పుడు అర్థమైంది. ఆ తమ్ముడి మాట ఎంత లోతుగా గుచ్చుకుందో కూడా అర్థమైంది.

మేస్త్రి చూసిన విధము

మరునాడు తాళ్ళరేవు నుండి ఒక వృద్ధ మేస్త్రిని పిలిపించాము. కాకినాడకు దిగువన ఉన్న కోరంగి, తాళ్ళరేవు ప్రాంతము పడవల పనికి పేరుపొందినది. ఒకప్పుడు సముద్రాలు దాటే తెరచాప ఓడలను కోరంగిలో కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు ఆ రేవును దెబ్బతీశాయి. పెద్ద ఓడల కాలము పోయినా, పని మాత్రము తండ్రి నుండి కొడుకుకు దిగుతూ వచ్చింది.

మేస్త్రి దగ్గర ఉన్న సామాను చిన్నదే. ఒక సుత్తి, ఒక సన్నని ఉలి, ఒక బాడిస, కొంచెము దారము. మేము ఆయన వెంట తిరుగుతూ అడుగుతూ నేర్చుకున్న సంగతులు ఇవి.

మొదట ఆయన రంగు వంక చూడలేదు. పడవ అడుగున ఈ చివర నుండి ఆ చివర వరకు ఉండే దూలము ప్రక్కన దారము లాగి పట్టి చూశాడు. అదే పడవకు వెన్నెముక. అది వంగిపోతే మిగిలినవన్నీ బాగున్నా పడవ నీటిలో తిన్నగా నడవదు. ఈ పడవ దూలము తిన్నగానే ఉంది. పెద్దాయన ముఖము వెలిగింది.

తరువాత సుత్తితో పలకలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయాడు. గట్టి కర్ర 'ఠంగ్'మని పలుకుతుంది. కుళ్ళిన కర్ర కుండ మీద తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అనుమానము వచ్చినచోట ఉలి మొన గుచ్చాడు. గట్టి కర్రలో మొన దిగదు. కుళ్ళినదానిలో వెన్నలో దిగినట్టు దిగుతుంది.

పలకల మధ్య వేలు దూరేంత సందులు చూసి మేము భయపడ్డాము. మేస్త్రి నవ్వాడు. "అది జబ్బు కాదండి, దాహము" అన్నాడు. ఎండకు కర్ర ముడుచుకొని సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లో దూది, నార కూరి, గుగ్గిలము నూనెలో కాచి పూసి, నీటిలోకి దింపితే కర్ర ఉబ్బి తనంతట తానే మూసుకుంటుంది. పైకి భయంకరముగా కనబడేది ఒక్కొక్కసారి చాలా చిన్న లోపము.

కాని పైకి కనబడనిదే పెద్ద లోపము. ఇనుప మేకుల చుట్టూ కర్ర నల్లబడింది. ఉప్పునీటికి మేకు తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టూ ఉన్న కర్రను తినేసింది. మేకు తల కనబడుతూనే ఉంటుంది. కాని అది దేనినీ పట్టుకొని ఉండదు.

ఇంకొక సంగతి. పడవను ఇసుక మీదకు లాగక ముందు కొన్ని నెలలు ఉప్పుటేరులో కట్టి ఉంచారు. అక్కడ ఓడపురుగు పట్టింది. పురుగు అంటారు గాని అది నత్త, ఆల్చిప్పల జాతి జీవి. గుండుసూది మొనంత రంధ్రము చేసుకొని చిన్నపిల్లగా లోపలికి పోతుంది. లోపల కర్రను తొలుచుకుంటూ పెరుగుతుంది. పైన చూస్తే సూది పోటు. పలక కోసి చూస్తే లోపల తేనెతుట్టె. పడవను ఎప్పటికప్పుడు ఒడ్డుకు లాగి ఆరబెట్టేది అందుకేనట.

అన్నిటికంటె మమ్మల్ని ఆశ్చర్యపరచిన మాట ఆఖరున చెప్పాడు. "సముద్రపు నీరు పడవను అంత తొందరగా చంపదండి. ఉప్పు కర్రను కాపాడుతుంది. వాననీరు చంపుతుంది." పడవ ఒరిగి ఉన్న వైపు, వెనుక భాగములో, రెండు వర్షాకాలాలు కురిసిన నీరు నిలిచిపోయింది. మంచినీరు నిలిచిన చోటే బూజు పట్టి కర్ర కుళ్ళుతుంది. లోపలి పలకలు ఎత్తి చూస్తే, పడవకు ప్రక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు పంతొమ్మిదింటిలో పదకొండు మెత్తబడ్డాయి. చుక్కాని తగిలించే వెనుక నిలువు కర్ర చేతితో నలిపితే పొడి అయింది. ముప్పై ఏళ్ళకు దగ్గరగా అలలతో పోరాడిన పడవను ఒడ్డున ఊరకే నిలిచిన వాననీరు తినివేసింది.

నోవహుతో ఓడకు లోపలను వెలుపలను కూడా కీలు పూయమని దేవుడు చెప్పినట్లు ఆదికాండము 6:14లో చదువుతాము. వెలుపల ఎందుకో ఎవరికైనా తెలుస్తుంది. లోపల ఎందుకో ఆ రోజు ఉప్పాడ ఇసుకలో నిలబడి ఆలోచించాము.

అదే వయసు మరొక పడవ

అక్కడికి నాలుగు బారల దూరములో మరొక నావ ఉంది. అది కూడా ఇంచుమించు ఆ ఏళ్ళలోనే అదే వడ్రంగుల చేతిలో తయారైనది. మేస్త్రి దానినీ తట్టి చూశాడు. రెండు పలకలు మార్చి, సందులు నింపితే ఇంకా చాలాకాలము నడుస్తుందని అన్నాడు. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగాము. దాని యజమాని ఏటా వేట ఆపే కాలములో దాని మీద తాటాకు పందిరి వేస్తాడు. అడుగున బిరడా తీసి నీరు పోయేలా చేస్తాడు. జీడిపిక్కల నూనె పూస్తాడు. ఏటా ఆ నాలుగు రోజుల పని మానలేదు. అంతే తేడా.

కాబట్టి పాతదంతా పారవేయదగినది అని ఈ వ్యాసము చదివి ఎవరూ అనుకోవద్దు. పడవ భవిష్యత్తును తేల్చింది దాని వయసు కాదు, ఎన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదన్నది.

లెక్క వేసుకొనుట

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు లూకా 14:28లో చెప్పారు. ఆ సాయంత్రము ఇంటి అరుగు మీద అందరమూ కూర్చున్నాము. తమ్ముడు వచ్చి దూరముగా, గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

మేస్త్రి లెక్క ఇలా చెప్పాడు. కర్ర, మేకులు, కూలి కలిపి మూడు లక్షల ఇరవై వేలు. వలలు వేరు. వంపు కర్రకు తగిన తుమ్మ దొరకడము కష్టము, పలకలకు టేకు ధర మండిపోతోంది. ఆపైన ఒక మాట అన్నాడు. "మూడోవంతు కర్ర మారిస్తే పడవను బాగుచేసినట్టు. సగము దాటి మారిస్తే, పాత పేరుతో కొత్త పడవ కట్టుకున్నట్టు. ఇది సగము దాటుతుందండి." పని కావాలంటే చేస్తాను, కాని మీ డబ్బు తిన్నానన్న బాధ నాకు ఉంటుంది అని కూడా చెప్పాడు. తనకు రావలసిన కూలిని కాదనుకొని నిజము చెప్పిన ఆ పనివాని యథార్థతకు దేవుని స్తుతించాము.

ఇంకొక దారి కూడా ఎవరో చెప్పారు. పైన ఫైబరు పూత వేయిస్తే తక్కువలో అయిపోతుందని. మేస్త్రి తల అడ్డముగా ఊపాడు. కర్ర గట్టిగా, పొడిగా ఉంటే ఆ పూత మేలే. లోపల తడి, కుళ్ళు ఉండగా పైన పూత వేస్తే తడి బయటకు పోలేక లోపల మరింత కుళ్ళుతుంది. బయట నుండి మాత్రము నిగనిగలాడుతూ ఉంటుంది. ఒకనాడు సముద్రము మధ్యలో విడిపోతుంది. సున్నము కొట్టిన సమాధుల గురించి మత్తయి 23వ అధ్యాయములో చదివినవారికి ఇక వివరము అవసరము లేదు.

డబ్బు లెక్క తరువాత మనుషుల లెక్క. అది ఆ సహోదరుని భార్యే ఫోనులో మాకు గుర్తు చేసింది. పడవ బాగైతే దాని మీద వెళ్ళేది ఎవరు? ఆ పడవకు అయిదుగురు కావాలి. తండ్రి వెళ్ళలేడు. పెద్దకొడుకు పదేళ్ళుగా వల పట్టలేదు, ఆయన పిల్లలు శంషాబాదులో చదువుకుంటున్నారు. తమ్ముడు వేరొకరి ఫైబరు పడవ మీద వెళ్తున్నాడు. అన్నగారి పిల్లలు ఊరు విడిచి వెళ్ళారు. ఎవరూ ఎక్కని పడవను బాగుచేస్తే, రెండు వర్షాకాలాలలో అది మళ్ళీ ఈ స్థితికే వస్తుంది.

గెన్నేసరెతు సరస్సు ఒడ్డున దొరికిన దోనె

అందరూ మౌనముగా ఉన్నప్పుడు మాకు ఒక సంగతి జ్ఞాపకము వచ్చి వారికి చెప్పాము. 1986లో ఇశ్రాయేలు దేశములో వానలు లేక గలిలయ సముద్రము నీరు బాగా తగ్గింది. బయటపడిన బురదలో గినోసారు అనే చోట ఇద్దరు అన్నదమ్ములకు ఒక పాత దోనె ఆకారము కనబడింది. వారు కూడా చేపలు పట్టేవారే. పండితులు పరీక్షించి అది ఇంచుమించు యేసుప్రభువు కాలము నాటిదని తేల్చారు. పొడవు సుమారు ఎనిమిది మీటర్లు, అంటే ఇరవై ఏడు అడుగులు. ప్రభువు ఎక్కిన దోనె అదేనని ఎవరూ చెప్పలేరు. కాని పేతురు, యోహాను ఎక్కినది అలాంటి దోనెనే అని చెప్పవచ్చు. నానిపోయిన కర్ర చెదిరిపోకుండా దానిని ఏళ్ళ తరబడి మైనపు ద్రావణములో ఉంచి కాపాడారు. ఇప్పుడు అక్కడి ప్రదర్శనశాలలో ఉంది.

ఆ దోనెలో పది రకాలకు పైగా కర్రలు ఉన్నాయి. దాని యజమానులు బీదవారు. ఒక పలక పోతే దొరికిన కర్రతో, వేరే పడవ నుండి తీసిన కర్రతో అతుకు వేస్తూ చాలాకాలము నడిపారు. చివరకు ఇక అతుకుకు లొంగదని తెలిసినప్పుడు, పనికివచ్చే ముందు కర్రను, వెనుక కర్రను, తెరచాప మాను నిలబెట్టే దిమ్మను ఊడదీసుకున్నారు. మిగిలిన దానిని సరస్సులోకి విడిచిపెట్టారు. ఊడదీసిన కర్రలు మరొక దోనెలోకి వెళ్ళి ఉంటాయి.

బాగుచేయగలిగినంత కాలము ఓపికగా బాగుచేశారు. వీలుకానప్పుడు, మిగిలినవారికి పనికివచ్చేది తీసి ఇచ్చి విడిచిపెట్టారు. ఆ రెండూ బాధ్యతతో చేసిన పనులే. దాచుకొనుటకు ఒక కాలము, పారవేయుటకు ఒక కాలము ఉన్నాయని ప్రసంగి 3వ అధ్యాయము మనకు నేర్పుతోంది.

పౌలు ప్రయాణము కూడా చెప్పాము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడను కాపాడడానికి వారు చేయని ప్రయత్నము లేదు. త్రాళ్ళతో ఓడను చుట్టి బిగించారు, సరుకు పారవేశారు. అయినా ఓడ బద్దలైంది. కాని రెండువందల డెబ్బది ఆరుగురిలో ఒక్కరూ చనిపోలేదు. ఈత వచ్చినవారు ఈదారు, మిగిలినవారు పలకలు, ఓడ చెక్కలు పట్టుకొని ఒడ్డుకు చేరారు. ఓడ లేకపోయినా ఓడ చెక్కలు ప్రాణాలు నిలిపాయి.

పెద్దాయన నిర్ణయము

ఆ రాత్రి పెద్దాయన భోజనము చేయలేదు. వెళ్ళి పడవ దగ్గర కూర్చున్నాడు. ఎవరూ వెంట వెళ్ళవద్దని ఆయన భార్య అన్నది. కొంతసేపటికి తమ్ముడు లేచి వెళ్ళాడు. ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు తండ్రి చెయ్యి కొడుకు భుజము మీద ఉంది.

ఉదయము కుటుంబ ప్రార్థనలో ముసలమ్మ ఒక మాట అన్నది. "ఆ పడవ ఇన్నేళ్ళు మనల్ని ఒడ్డుకు చేర్చింది. ఇప్పుడు దాన్ని మనము ఒడ్డుకు చేర్చాలి." అప్పుడు పెద్దాయన పెద్దకొడుకు వైపు తిరిగి, "ఒరేయ్ పెద్దోడా, మనవరాలిని చదివించు. మా అన్న పిల్లలను పెంచడానికి ఈ పడవ కట్టాను. నీ పిల్ల నోటి ముందరిది తీసి దీనికి పెడితే మా అన్న ఒప్పుకోడు" అన్నాడు. పెద్దకొడుకు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చొని చిన్నపిల్లవానిలా ఏడ్చాడు.

తమ్ముడు తన నోటితోనే, "పొయ్యిలోకి అన్న మాట తప్పు నాన్నా" అని ఒప్పుకున్నాడు. అన్నదమ్ములు క్రిస్మసు తరువాత మొదటిసారి మాట్లాడుకున్నారు.

మేస్త్రి పడవను జాగ్రత్తగా విప్పాడు. గట్టిగా ఉన్న పలకలు, ఎనిమిది వంపు కర్రలు మరొక మత్స్యకారుని పడవ మరమ్మతుకు వెళ్ళాయి. ఇంజను ఇంకా బాగుండడముతో తమ్ముడు మరి ముగ్గురితో కలిసి ఫైబరు పడవలో వాటా తీసుకున్నాడు. అన్న ఎనభై వేలు చేబదులు ఇచ్చాడు. ఫైబరుకు కుళ్ళు పట్టకపోయినా దెబ్బలకు పగులుతుంది, దానికీ కాపు కావాలని మేస్త్రి చెప్పిన మాట తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. చుక్కాని మాత్రము పెద్దాయన ఎవరికీ ఇవ్వలేదు. అది ఇంటి గోడకు ఆనించి ఉంది.

అంతా సుఖాంతమని చెప్పలేము. ఆ తరువాత ఒక నెలపాటు పెద్దాయన సముద్రపు ఒడ్డుకు వెళ్ళలేదని తెలిసింది. పెద్దకొడుకు కూడబెట్టినది కొంత తగ్గింది. అయినా ఆ అమ్మాయి నర్సింగు కళాశాలలో చేరింది. విడిచిపెట్టడము సరియైనదైనప్పుడు కూడా నొప్పి ఉంటుంది. ఆ నొప్పిని బట్టి నిర్ణయము తప్పని అనుకోకూడదు.

మీ ఇంటిలోనూ ఆలోచించండి

మేము తిరిగి వచ్చి సంఘములో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక రైతు సహోదరుడు తన తండ్రి కట్టిన పెంకుటిల్లు గురించి అడిగాడు. ఉప్పాడలో నేర్చుకున్న ప్రశ్నలే ఆయనకు చెప్పాము. మీకూ చెబుతున్నాము.

ఒకటి: పని తెలిసినవాడు, తన లాభము చూసుకోనివాడు లోపల తెరిచి చూశాడా? రెండు: వెన్నెముక గట్టిగా ఉందా? ఇంటికైతే పునాది, గోడలు. మూడు: కనబడే లోపము దాహమా, కుళ్ళా? నాలుగు: మార్చవలసినది సగము దాటుతుందా? ఐదు: బాగైన తరువాత దానిని వాడేవారు, ఏటేటా కనిపెట్టుకొని ఉండేవారు ఉన్నారా? ఆరు: దానికి పెట్టే డబ్బు ఎవరి పాలులో నుండి తీస్తున్నాము?

ఈ ఆరింటికీ మంచి జవాబు వస్తే, పాతదని చిన్నచూపు చూడక బాగుచేయించండి. జవాబు రాకపోతే, దాని మంచి పలకలు మరొకరికి పనికివచ్చేలా ఇచ్చి, కృతజ్ఞతతో విడిచిపెట్టండి. ఏది చేసినా పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, వారి కథ పూర్తిగా విన్న తరువాతనే చేయండి. తండ్రిని సన్మానించడమంటే ఆయన అడిగినదంతా ఇవ్వడమేనని మేము అనుకున్నాము. ఆయన కథ విని, ఆయనకు నిజము చెప్పి, నిర్ణయము ఆయన నోటనే వచ్చేవరకు ఓపిక పట్టడము కూడా సన్మానమేనని ఆ ముసలాయన ఇంటి అరుగు మీద నేర్చుకున్నాము.

ఇంకొక మాటతో ముగిస్తాము. రానున్న వానలకు ముందే మీ ఇంట్లో నీరు నిలిచే చోటు ఏదో వెదికి చూడండి. ఇంటి కప్పులోనే కాదు, అన్నదమ్ముల మధ్య కూడా. తుపాను వస్తే అందరూ మేలుకొంటారు. నిలిచిన నీటిని ఎవరూ గమనించరు. దానిని తోడివేయడానికి ఒక పూట పని చాలు.